దయ్యం టీచరుకు అక్క రాసేది

చెల్లీ రంగా,

నువ్వు పోయి ఆరు నెలలు దాటింది. అక్కడ అందరూ బాగున్నారా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాయనకు ఆ దూది దగ్గు తగ్గిందా... మిల్లు లేని చోట తగ్గే ఉంటుందిలే. మీ బావ వేళకు తింటున్నారా? నువ్వు తడి తలతో గాలిలో తిరగడం లేదు కదా?

నేను బాగానే ఉన్నాను. నిద్ర లేదు, అంతే.

ఎలా చెప్పాలో తెలియడం లేదు... నువ్వు పోయాక కూడా మిల్లువాళ్లిచ్చిన గదికి వచ్చి వాళ్లలో వాళ్లే ఆడుకునే పిల్లలు, ఇప్పుడు నీ క్లాసుకు రావడం మానేశారు.

నీ కర్మ అయ్యాక శివరాత్రి వచ్చింది. ఏటా లాగే టాకీసులో రాత్రంతా ఆటలు, అందులో నువ్వు దయ్యం వేషం కట్టిన సినిమా. నువ్వు జుట్టు విరబోసుకుని బావిలోంచి లేవగానే, నైట్ షిఫ్టు ఎగ్గొట్టి వచ్చినవాళ్లంతా నీకంటే ముందే నీ మాట అరిచేవారు కదా... ఈసారి ఎవరూ నోరు తెరవలేదట. మర్నాడే మిల్లు కూలీల లైను ఇళ్లలో మాట పుట్టింది. దయ్యం వేషం కట్టిన మనిషి పోతే ఊరికే పోతుందా, పిల్లలకు ఆట నేర్పిన గదిలోనే తిరుగుతుంది అని.

నువ్వు మదరాసు వదిలి వచ్చిన కొత్తలో పిల్లలకు తాయెత్తులు కట్టింది ఈ తల్లులే కదా? అప్పుడు నువ్వు గడపలో నిలబడి, "రాండ్రా, రాండి! దయ్యంకి కూడా కాళ్లు నొస్తాయి, ఎంతసేపు నిలబెడతారు?" అన్నావు. పిల్లలు పడీ పడీ నవ్వి లోపలికి వచ్చేశారు. ముఖానికి పిండి ఎలా పూస్తారో వాళ్ల చేతనే పూయించావు. ఆ తర్వాత కోలాటం, నాటకం...

ఇప్పుడు ఎవరు నవ్విస్తారు? నాకు ఆడనూ రాదు, పాడనూ రాదు.

నీ క్లాసు గుమ్మానికి వేపాకు కట్టారు. గజ్జెల చప్పుడు విన్నానని వాచ్‌మన్ అన్నాడు. అవి తన గజ్జెల పెట్టెలో ఎలుకలయ్యా అంటే ఎవరు వింటారు? ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. నీ కోలాటంలో ముందు నిలబడే పిల్ల, రాజమ్మ కూతురు, నన్ను చూసి తలుపు వెనక దాక్కుంది.

పిల్లలు లేని గది ఎందుకని మేనేజరు అడిగారు. నిన్న అందులో దూది మూటలు వేసేశారు.

ఒకటి చెబుతాను, కోప్పడకు. మొన్న సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్లి అక్కడ కూర్చున్నాను. నా పిరికితనం నీకు తెలుసు కదా... "యాంటికక్కా బయపడతావు? నేనే దయ్యం, నన్ను దాటుకొని నీ కాడికి ఏది వొస్తుంది?" అని వెక్కిరించేదానివి. దీపాలు పెట్టే వేళ దాకా నీ పెట్టె వంకే చూస్తూ కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఎలుక కూడా కదల్లేదు.

వాళ్లందరికీ నువ్వు ఉన్నావని భయం. ఉంటే నాకెందుకు రంగా ఈ ఏడుపు?

గజ్జెలు ఇంటికి తెచ్చి గుడ్డలో చుట్టి పెట్టాను. చిలుము పడతాయేమో...

పోయినవాళ్లకు నీళ్లు వదిలే ఆడి అమావాస్యకు, నీ అస్థికలు కలిపిన పేరూరు రేవుకు వస్తాను. పిల్లల్ని కూడా పంపమని అడిగాను. ఏ తల్లీ ఒప్పుకోలేదు. సింగానల్లూరులో బస్సెక్కి మధ్యలో ఒకటి మారాలి. ఆ జనంలో పడిపోతానేమో, ఏ మెట్టు దగ్గర కలిపామో గుర్తు పట్టగలనో లేదో... అయినా వస్తాను. మొదటి బస్సుకే బయలుదేరుతాను.

అమావాస్య వచ్చే గురువారం.

అక్క