నాలుగు రోజులు అలవాటు పడాలి

మార్చి 3

కళ్ళజోళ్ళ షాపులో చేరి ఇవాళ్టికి ఏడాది. ఎవరికీ చెప్పలేదు. ఓనరు గారికి గుర్తుంటే స్వీటు అడిగేవారు, ఆయనే నాకు ఇవ్వాల్సింది పోయి.

పొద్దున ఒక లిఫ్ట్ మెకానిక్ వచ్చాడు. దూరంవి సరిగా కనబడటం లేదట. భుజానికి స్పానర్ల సంచి, కాలరు మీద గ్రీజు. లెన్సులు బిగించాలంటే కంటిపాపల మధ్య దూరం కొలవాలి. ముక్కు మీద స్కేలు ఆనించి ఆ మనిషి కళ్ళలోకి సూటిగా చూడాలి. కాన్వెంటులో పదేళ్ళు సిస్టర్లు తల దించుకుని నడవడం నేర్పారు. ఇక్కడ దానికి తలకిందులు. రోజుకు ఇరవై జతల కళ్ళు చూస్తాను. ఏమీ అనిపించదు.

ఏమండీ, లోపల ఏమన్నా కనబడిందా అన్నాడు. అరవై నాలుగు అన్నాను. నా వయసా, నా మార్కులా అని పడీ పడీ నవ్వాడు. మిల్లీమీటర్లు అని చెప్పి, రాసిన అంకెనే మళ్ళీ రాశాను.

ఏదో అనిపించింది. ఏమిటో రాయడం రావడం లేదు.

మార్చి 6

రేపు తీసుకెళ్ళడానికి వస్తాడు. అడగాల్సింది: ఆదివారాలు మీరేం చేస్తారు? మూడు మాటలే.

మార్చి 7

అడగలేదు.

కళ్ళజోడు పెట్టుకుని వీధిలోకి చూసి, అంతా మసగ్గా ఉందేమిటండీ అన్నాడు. కొత్తది కదా, నాలుగు రోజులు అలవాటు పడాలి అన్నాను. అందరికీ చెప్పేదే. మీరు చెప్పాక ఇంకేముంది అని అలాగే బయల్దేరాడు. గుమ్మం కాలికి తగిలింది.

మార్చి 9, మధ్యాహ్నం 12

రిటైరైన హెడ్మాస్టారు వచ్చి కళ్ళజోడు కౌంటరు మీద పెట్టారు. ఏమ్మాయ్, పేపరు చదువుకోవడానికి చేయమంటే చుక్కలు లెక్కపెట్టుకోవడానికి చేశావా అన్నారు. అక్షరాలన్నీ చీమలబారులా పాకుతున్నాయట.

మెషీన్లో పెట్టి చూశాను. దూరపు చూపు పవర్. మెకానిక్‌ది. ఇద్దరూ ఒకే రకం నల్ల ఫ్రేమ్ తీసుకున్నారు. డబ్బాల్లో పేర్ల చీటీలు పెట్టింది నేనే. పెట్టేటప్పుడు ఆ మూడు మాటలూ కూడబలుక్కుంటున్నాను.

అంటే హెడ్మాస్టారి అద్దాలతో అతను రెండు రోజులుగా లిఫ్టు గుంతల్లోకి దిగుతున్నాడు. అలవాటు పడమన్నాను కాబట్టి.

ఓనరు గారు అరవలేదు. మూగనోము పట్టిన పిల్లవి, చెయ్యి మాత్రం తప్పదనుకున్నానమ్మా అన్నారు. అరిస్తే బాగుండేది.

సాయంత్రం 5

అతనిచ్చిన నంబరు వాళ్ళ కంపెనీ ఆఫీసుది. నాలుగుసార్లు చేశాను. సైటు మీదున్నాడు, ఏ సైటో మాకేం తెలుసు అన్నారు. ఆ కళ్ళజోడు పెట్టుకోవద్దని చెప్పండి అన్నాను. ఎవరండీ మాట్లాడేది, వాళ్ళావిడా అని అడిగారు. కాదు, షాపు అన్నాను.

ఇంటికొచ్చే దారిలో ఐదు బిల్డింగుల్లోకి వెళ్ళి లిఫ్టులు చూశాను. ఐదూ పనిచేస్తున్నాయి. ఎవరు కావాలమ్మా అని వాచ్‌మన్ అడిగాడు. ఎవరూ కాదన్నాను.

మార్చి 10

అమ్మ తినమంది. తిన్నాను.

మార్చి 11

వచ్చాడు. రెండు చేతులు, రెండు కాళ్ళు. ముందు అవే చూసుకున్నాను.

కబురు ఇవాళే అందిందట. పైనున్న లిఫ్టు తాళ్ళు ఎన్ని ఉన్నాయో కనబడక మొదటి రోజే పనిలో కళ్ళజోడు తీసేశాడట. బయటే పెట్టుకుని అలవాటు చేసుకుంటున్నాడట. నేను చెప్పాను కదా మరి.

మొన్న స్టాపులో బస్సు నంబరు కనబడక పక్కనున్న అమ్మాయిని అడిగాడట. మూడు అందట. వచ్చింది ఎనిమిది. ఆమెకూ చూపు ఆనదు, అందం పోతుందని కళ్ళజోడు పెట్టుకోదట. తిరుగు బస్సు లేక, ఆఖరి స్టాపు నుంచి ఒకరినొకరు దెప్పుకుంటూ నడిచారట. ఆరు కిలోమీటర్లు. నాలుగో కిలోమీటరుకల్లా దెప్పుకోవడం మానేశారట.

ఆదివారం మళ్ళీ కలుస్తున్నామండీ, అంతా మీ చలవే అన్నాడు.

అడగకుండానే జవాబు వచ్చింది.

ఓనరు గారు పొంగిపోయారు. చూశావా నాయనా, మా పిల్ల పొరపాటు చేసినా పెళ్ళిళ్ళు కుదిరిపోతాయి, బోర్డు మీద రాయించాలి అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను అతని లెన్సులు తుడుస్తున్నాను. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మార్చి 13

ఈ రెండు రోజుల్లో నలభై జతల కళ్ళు. ఒక్క తప్పూ లేదు.

మార్చి 17

ఆమెను తీసుకొచ్చాడు. ఏది నప్పుతుందో మీరే చెప్పండక్కా అంది. రెండు ఫ్రేములు తీశాను. ఒకటి పెడితే ఆ ముఖం వాచినట్టు కనబడుతుంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. కాసేపు రెండూ పట్టుకుని నిలబడ్డాను.

రెండోది ఇచ్చాను.

అద్దంలో చూసుకుని నవ్వింది. అతనూ వంగి చూశాడు. వాళ్ళ వెనక నా ముఖం కూడా పడింది. పక్కకు జరిగాను.