సీసాలో నీలం

జూలై 6
పొద్దున్నే సీసాని కిటికీకి ఎదురుగా పట్టాను. "ఏం రంగే?" అని మా ఆవిడని అడిగాను. "నీలమే. ఎన్నిసార్లు అడుగుతావయ్యా, పనిలేనోడా!" షుగరు సరోజ కళ్ళు తింటోంది, నోటి జోలికి పోలేదు. తిరువళ్ళూరు డాక్టరు ఏ మాటా గట్టిగా చెప్పలేదు... ఈ నీలం తనకు కనపడినంతకాలం నాకు ధైర్యం.

జూలై 8
మనవరాలు వాణి చేసిన సీసా. కాలేజీలో నేర్చిందట. మైలుతుత్తం నీళ్ళే — టమోటా తోటకు సున్నంతో కలిపి కొట్టేవాణ్ణి, నాకు తెలియదా? అమ్మోనియా పోస్తే ముందు మడ్డి కట్టింది. ఇంకా పోస్తే మడ్డి కరిగి ఈ చిక్కటి నీలం. "మూత తీయద్దు తాతా. అమ్మోనియా ఎగిరిపోతే రంగూ పోతాది." సరే అన్నాను.

జూలై 11
పాలవాడికి అత్తరని చెప్పి ముక్కు కింద మూత తీశాను. "అయ్యయ్యో, గొడ్ల కొట్టం కంపు పెద్దాయనా!" పోస్టాయనకీ అదే మర్యాద. పళ్ళిపట్టు బస్సు దిగొచ్చిన బావనీ వదల్లేదు. కడుపుబ్బా నవ్వాను.

జూలై 16
ఇంకో నలుగురు.

జూలై 19
సరోజ చాలాసేపు చూసింది. "నీలం లేదయ్యా... తెల్లంగా ఉండాది." కన్నూ పోయిందా?

జూలై 20
ఎండలో పెట్టి చూశాను — నాకూ పాలిపోయే ఉంది! అడుగున మడ్డి. పోయింది కన్ను కాదు, అమ్మోనియా! నా వెధవ పనికి ఇంత సంతోషం ఎప్పుడూ పడలేదు. వాణికి ఫోను. "ఎంతమందికి వాసన చూపించినావు తాతా?"

జూలై 27
వాణి వచ్చి అమ్మోనియా పోసింది. మడ్డి కరిగిపోయింది. మన కొండమీద స్వామి నెమలి మెడ రంగు! గదంతా ఘాటు. సీసా పైకెత్తకముందే సరోజ, "నీలమే! ముందరికంటే బాగుండాది" అంది. వాణి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.
పైకెత్తకముందే...

జూలై 28
ఉండబట్టలేదు. వేరే సీసాలో బియ్యం కడిగిన నీళ్ళు. వాణి వదిలిపోయిన అమ్మోనియా ఒక చుక్క మూతకు పూశాను. తెల్లనీళ్ళని కనిపెడితే తిట్టించుకుందామనే, దేవుడా. కిటికీకి ఎదురుగా పట్టాను. తన ముక్కు కదిలింది.
"నీలమే."
నవ్వు రాలేదు.

జూలై 29
నేను అడగలేదు. తనే అడిగింది. "ఏందయ్యా, ఈ పొద్దు సీసా చూపించవా?" అసలుదే తెచ్చాను. మూత బిగించాను, వాసన రాకుండా.
"ఈసారి నువ్వు చెప్పు," అంది. "ఎట్టుండాది?"
కిటికీలో వెలుతురు బాగానే ఉంది. తన ముక్కు కింద మూత తీశాను.