ముప్పై కిలోలు

నల్లగండ్ల, ఫిబ్రవరి 3

ప్రియమైన అమ్మకు,

ఆపరేషన్ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్ పిల్లలు బడికి వెళ్లాక స్థిమితంగా చదువు.

నా బరువు నూట పన్నెండు కిలోలు. రెండేళ్లుగా నడుస్తూనే ఉన్నాను, తిండి తగ్గిస్తూనే ఉన్నాను. నాలుగు తగ్గితే ఐదు పెరుగుతున్నాయి. డాక్టర్ మూడు దారులు చెప్పారు. కడుపులో బెలూన్ పెట్టడం ఒకటి. ఆరు నెలలకు తీసేస్తారు, బరువు మళ్లీ రావచ్చు. పేగును పక్కదారి పట్టించే బైపాస్ ఇంకొకటి. మూడోది స్లీవ్. జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీసేసి, మిగిలింది అరటిపండంత గొట్టంలా ఉంచుతారు. నేను దానికే ఒప్పుకున్నాను. వచ్చే మంగళవారం.

నాకు తొందరగా తగ్గాలమ్మా. ఎందుకని అడగకు. నీ కిడ్నీ రిపోర్టులు మాత్రం నెలనెలా పంపుతూ ఉండు.

నీ రూబీ


ఒంగోలు, ఫిబ్రవరి 7

ప్రియమైన రూబీ,

నీ ఉత్తరం పట్టుకుని వంటింటి గడప మీదే కూర్చుండిపోయాను. వంటమనిషి సక్కుబాయి నన్ను చూసి, "ఏంటి వార్డెనమ్మా, ఎవరైనా పోయారా?" అంది. ఆమెకేం చెప్పను? నా కూతురు బాగున్న కడుపును కోయించుకుంటోందనా?

నువ్వు పుట్టినప్పుడు నాలుగు కిలోలు. నర్సులంతా వచ్చి ఎత్తుకుని మురిసిపోయారు. ఆ ఒళ్లు ఇప్పుడు నీకు బరువైందా? ఎవరేమన్నారు? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లా, ఆఫీసువాళ్లా? నేను రాను. ఆ థియేటర్ బయట కూర్చోవడం నావల్ల కాదు. ప్రార్థన చేస్తాను, అదీ కోపంగానే.

అమ్మ రూతమ్మ


నల్లగండ్ల, ఏప్రిల్ 20

ప్రియమైన అమ్మా,

పదిహేడు కిలోలు తగ్గాను. నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతోంది. మొన్న ఒక్క ఇడ్లీ ఎక్కువై వాంతయితే, బాత్రూం గోడకు ఆనుకుని ఏడ్చాను. జుట్టు ఊడుతోంది. కొన్నాళ్లు ఇలాగే ఉంటుందట. ఆఫీసులో ఊడ్చే యాదమ్మ నన్ను ఆపి, "ఏంది మేడం, గిట్ల సగమైనవ్? పానం మంచిగున్నదా? జర దవాఖానకు పో" అంది. అక్కణ్ణుంచే వచ్చానన్నాను.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. కనీసం రిపోర్టయినా పంపు.

నీ రూబీ


ఒంగోలు, అక్టోబరు 14

ప్రియమైన నా తల్లీ,

నిన్న కిడ్నీ డాక్టర్ విశ్వేశ్వరరావు గారి దగ్గరకు వెళ్లాను. ఇక డయాలసిస్ తప్పదంటారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఆయన రిపోర్టు చూసి, "కంగారు పడకండమ్మా. మీ అమ్మాయి ఎనభై రెండు కిలోలకు దిగింది, మొన్న ఫోన్ చేసి చెప్పింది. ముప్పై కిలోలు తగ్గితేనే కిడ్నీ తీసుకోగలమని నిరుడు చెప్పాం. మిగతా పరీక్షలు మొదలుపెడదాం" అన్నారు.

"ఎవరి కిడ్నీ అండి? ఎవరికి?" అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. "మీకు చెప్పలేదా?"

 బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. నిరుడు నాతోపాటు నువ్వూ పరీక్షకు రక్తం ఇస్తే, సరదాకి ఇస్తున్నావనుకున్నాను. ఎనిమిది నెలలు నువ్వు సోకు కోసం కోయించుకున్నావనే తిట్టుకున్నాను రూబీ. చర్చిలో నలుగురి ముందూ అదే అన్నాను.

నీ కడుపు నన్నడక్కుండా కోయించుకున్నావు. నా ఒంట్లో ఏం పెట్టాలో మాత్రం నన్నడగాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. శనివారం వస్తున్నాను. వద్దని చెప్పాలనే బయలుదేరుతున్నాను. నీ ముఖం చూశాక ఆ మాట నోట వస్తుందో రాదో తెలియడం లేదు.

నీ అమ్మ