ఒడెట్ పాట అందుకోవడానికి

నేను, తుమ్మలపల్లి శర్వాణి, మనోహర్, సువర్చల గార్ల కూతురిని, వయసు పదహారు, నివాసం నేపర్‌విల్, ఇల్లినాయ్. నా మతి సరిగ్గానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాసుకుంటున్నాను. రేపు మంగళవారం నా వెన్నెముకకి సర్జరీ. రిస్క్ చాలా తక్కువని డాక్టర్ నాన్నతో అన్నారు. తక్కువంటే అసలు లేదని కాదు కదా. మైనర్ రాస్తే చెల్లదని తెలుసు. పెద్ద మాటలు తాతయ్య వీలునామాలోంచి తీసుకున్నాను. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

ఎగ్జిక్యూటర్: మా అమ్మమ్మ కామేశ్వరి.

1. నా సైకిల్, హెడ్‌ఫోన్స్ నా ఫ్రెండ్ అనన్యకి సర్వహక్కులతో చెందును. హెడ్‌ఫోన్స్ ఎడమవైపు వినపడదు.

2. ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లో స్కూల్ కోసం చెయ్యాల్సిన నా వాలంటీర్ అవర్స్ అయిపోయాయని ఇంట్లో అందరికీ తెలుసు. లైబ్రరీ అని చెప్పి ప్రతి గురువారం ఇంకా అక్కడికే వెళ్తున్నానని ఎవరికీ తెలియదు. అక్కడ ఒడెట్ లావిన్ ఉంటుంది. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ నుంచి వచ్చిన జానపద గాయని. వాళ్ళ నాన్న చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టి, మంచు కరిగాక కొత్త పాటలతో ఇంటికొచ్చేవాడట. ఆమె కుర్చీలో కూర్చుని, బూట్లతో చెక్క పలక మీద తాళం వేస్తూ వాటిని పాడేది. మాంట్రియల్‌లో రికార్డింగప్పుడు ఆ చప్పుడు మోటుగా ఉందని కాళ్ళకింద కార్పెట్ వేశారు. రికార్డ్ బాగా అమ్ముడైంది. ఆమె ఒక్కసారి కూడా వినలేదు. కార్పెట్ వేసినవాళ్ళని ఒడెట్ క్షమించింది. నేను క్షమించలేదు. నా తదనంతరం ఆ కోపం కూడా అనన్యకే చెందును.

3. ఆ చెక్క పలక ఒడెట్ నాకిచ్చేసింది, ఇప్పుడు నా మంచం కింద ఉంది. అది తమ్ముడు దేవ్‌కి. "నీవి ఇంజనీర్ కూతురి కాళ్ళు, కాస్త వదులు చెయ్" అని ఒడెట్ నన్ను ఏడిపించేది. దేవ్ కాళ్ళు చూస్తే ఎంత మెచ్చుకునేదో. డిన్నర్ టేబుల్ కింద వాడు కాళ్ళు ఆడిస్తే ఇకమీదట ఎవరూ తిట్టరాదు.

4. ఇది అమ్మకి.

అమ్మా, ఒడెట్ పాటలు ఒక్కరు పాడేవి కావు. ఆమె ఒక లైన్ పాడితే మిగతావాళ్ళు దాన్ని అందుకోవాలి. ఆ రికార్డ్ కంపెనీని వదిలేశాక ఆమె అమెరికాలో బట్టల మిల్లులున్న ఊళ్ళు తిరిగి హాళ్ళలో పాడింది. క్యూబెక్ నుంచి మిల్లు పనికోసం వచ్చినవాళ్ళు వినడానికి వచ్చేవారు. ఫ్రెంచ్ మర్చిపోయిన వాళ్ళ పిల్లలు కూడా అందుకునేవారట. స్టేజ్ మీద పక్కనే ఉండి అందరికంటే ముందు అందుకునేది ఆమె తమ్ముడు రెమీ. అతను పోయాక ఆమె స్టేజ్ ఎక్కలేదు. కూతురితో ఇల్లినాయ్ వచ్చేసింది.

పోయిన చలికాలం ఆమెకి స్ట్రోక్ వచ్చింది. మాట పోయింది, పాట పోలేదు. మొదటి లైన్ పాడుతుంది. ఎవరూ అందుకోకపోతే అక్కడే ఆగి తలుపు వైపు చూస్తుంది. అందుకే వెళ్తున్నాను.

నాకు గొంతు లేదని నీ సంగీతం క్లాస్ మానేశాను. "సరేలే, లెక్కలన్నా చెయ్యవే" అని నవ్వావు. తర్వాత కారులో పాటలు పెట్టడం మానేశావు. అలాంటిది వేరేచోట పాడుతున్నానని నీకెలా చెప్పను? శనివారం బేస్‌మెంట్‌లో భజన జరిగేటప్పుడు నేను మెట్లమీద కూర్చుని, పెదాలు కదపకుండా నీ ప్రతి లైనూ అందుకునేదాన్ని. కిందకి రావాలని ఉండేది. రాలేదు.

భజనలో ఎప్పుడూ నువ్వే ముందు పాడతావు. ఒడెట్ దగ్గర నువ్వు వెనక పాడాలి. భాష రాకపోయినా పర్లేదు, ఆమె ఎలా పలికితే అలా పలుకు. రెమీ చోటు నాకు వచ్చింది, దాన్ని నీకు రాసిస్తున్నాను.

5. మిగతావన్నీ నా తదనంతరమే అమల్లోకి వస్తాయి. నాలుగోది మాత్రం నేను బతికినా అమలు కావాలి. నేను ఇంకా చాలా వారాలు అక్కడికి వెళ్ళలేను. అమ్మమ్మా, గురువారం పొద్దున్నే ఈ కాగితం అమ్మకివ్వు. నేను కళ్ళు తెరిచి వద్దని సైగ చేసినా వినకు. అమ్మని నా దగ్గర కూర్చోనివ్వకు, ఒడెట్ దగ్గరికి పంపించు.

తేదీ: 11 జూన్ 2012, సోమవారం
సంతకం: తు. శర్వాణి

సాక్షులు:
దామోదర్ అంకుల్, పక్కిల్లు (చదవకుండా సంతకం పెడతానని ఒట్టేశారు)
అనన్య (చదివేసింది, ఏడుస్తోంది)