నువ్వు తిన్నదే నేనూ

చీపురుపల్లి,
12-8-1968

ప్రియమైన మనవరాలు కమలాదేవికి,

మామ్మ అప్పలనరసమ్మ దీవించి రాయిస్తున్నది. రాస్తున్నవారు నీకు అక్షరాలు దిద్దించిన కూర్మయ్య మాస్టారు. నా మాటల్ని ఆయన పుస్తకాల భాషలో పెడతారట. సరే అన్నాను. తిట్లు మాత్రం నోట్లోంచి వచ్చినవి వచ్చినట్టే రాయమన్నాను.

మీ నాన్న కొట్టు సరుకు కోసం విజయనగరం వచ్చి, హాస్టల్లో నిన్ను చూసి తిరిగొచ్చాడు. నేను పంపిన నువ్వుండల డబ్బా కూడా వాడితోపాటే తిరిగొచ్చింది. మూత తీస్తే, పైన పరిచిన అరిటాకు ముక్క కూడా కదల్లేదు.

“ఏరా నగరేశా, పిల్ల తిన్లేదా?” అంటే, “తిండి తగ్గించిందమ్మా, సన్నబడతాదట” అన్నాడు, నువ్వేదో పరీక్ష పాసైనట్టు.

ఒసే, సన్నబడిపోడానికి నీకేటి రోగమొచ్చిందే? మన కొట్లో ఎలకకి నీకన్నా బుద్ధున్నాది. నువ్వులు సూస్తే ఆగదు.

నిన్ను టీచరు ట్రైనింగుకి పంపించాం. కారణం రాయి. న్యాయమైనదైతే ఊరుకుంటాను. కాకపోతే వచ్చి మీ హాస్టలు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
అప్పలనరసమ్మ వేలిముద్ర


విజయనగరం,
17-8-1968

ప్రియమైన మామ్మకు,

కమల నమస్కరించి రాసేది. మాస్టారికి నమస్కారాలు. తప్పులుంటే ఎర్రసిరా పెట్టకండి.

మామ్మా, కారణం ఇది. మా కాలేజీ వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారు. మా టీచరు వేషాలు పంచుతూ, “నీలవేణికి రాకుమారి” అన్నారు. నీలవేణి నా గదిలోనే ఉంటుంది, మల్లెతీగలా ఉంటుంది. తర్వాత, “రాక్షసుడు...” అని ఆగి నా వైపు చూశారు. క్లాసంతా నా వైపు చూసింది. ఎవరూ నవ్వలేదు మామ్మా. అందరికీ అది న్యాయంగానే తోచింది.

అప్పటినుంచి వారపత్రికలో వేసిన పద్ధతి పాటిస్తున్నాను. పొద్దున్న చక్కెర లేని కాఫీ. మధ్యాహ్నం రెండు పిడికెళ్ల అన్నం, మజ్జిగ. సాయంత్రం ఒక అరటిపండు. ఆదివారం ఆదివారం స్టేషనుకెళ్లి తూకం మిషను ఎక్కుతాను. డబ్బులు వేస్తే టిక్కెట్టు పడుతుంది. ఒకటి దీంతో పంపుతున్నాను. యాభై ఎనిమిది కిలోలుండేదాన్ని, యాభై ఐదుకి వచ్చాను. వెనకవైపు జాతకం కూడా చూడు: “మీ కోరిక త్వరలో నెరవేరును.”

మెట్లెక్కితే కళ్లు కాస్త తిరుగుతాయి. ఆకలి మాత్రం అలవాటైపోయింది. కల్లోకే నీ పనసపొట్టు కూర వస్తోంది.

నీ మనవరాలు,
కమల


చీపురుపల్లి,
24-8-1968

ప్రియమైన కమలకు,

మామ్మ దీవెనలు. కారణం విన్నాను. న్యాయమైనది కాదు.

నీ టిక్కెట్టు మాస్టారు చదివి వినిపించారు. మన కొట్లో బియ్యం తూస్తాం, చింతపండు తూస్తాం, బెల్లం తూస్తాం. అమ్మకానికి పెట్టిన సరుకునే తూస్తాం. నువ్వు ఏ కొట్లో సరుకువే?

సరే, మాటలతో నీకు ఎక్కదు. అందుకని ఒట్టు పెట్టుకున్నాను. నీ ఉత్తరం విన్న రోజు నుంచి నువ్వు తిన్నదే నేనూ తింటున్నాను. నువ్వు తిన్న పూటే తింటాను, నువ్వు తిన్నంతే తింటాను. తిన్నదేదో నిజం రాయి. అబద్ధం రాస్తే నా తల పగిలినట్టే.

పొద్దున్న నీ చక్కెర లేని కాఫీ తాగాను. బొగ్గులు కడిగిన నీళ్లు. “ఇంకొంచెం పొయ్యమంటారా?” అని మీ అమ్మ అడిగింది. దాని ఎకసెక్కం సూడు.

ఇట్లు,
అప్పలనరసమ్మ వేలిముద్ర

(కమలా, ఇది మీ మామ్మ చెప్పినది కాదు, నేను రాస్తున్నది. మీ తాతగారు పోయినప్పటినుంచి, పంతొమ్మిదేళ్లుగా, ఆవిడది ఒంటిపూట భోజనమని నీకు తెలుసు. పళ్లు తప్ప రాత్రి ఏమీ ముట్టరు. ఇప్పుడు ఆ ఒక్క పూటా రెండు పిడికెళ్లే. నిన్న కొట్టు అరుగు మీద తూలి బెల్లం గంపలో కూర్చుండిపోయారు. మీ నాన్న పరిగెత్తుకొస్తే, “కావాలనే కూకున్నాను, నీకేటి” అన్నారు. లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. - కూర్మయ్య)


విజయనగరం,
30-8-1968

ప్రియమైన మామ్మకు,

కమల నమస్కారాలు. ఒట్టు ప్రకారం నిన్న తిన్నది రాస్తున్నాను.

పొద్దున్న నాలుగు ఇడ్లీలు, చక్కెర వేసిన కాఫీ. మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర, చారు, పెరుగు, కడుపు నిండా అన్నం. దీపాలు పెట్టాక మళ్లీ అన్నం. కందిపొడి, నెయ్యి, ఆఖర్న మజ్జిగ. అవును మామ్మా, రాత్రి అన్నమే. పలహారం కాదు.

మొదటి రోజు భయమేసింది. ప్రతి ముద్దకీ ఆ మిషను ముల్లు కదులుతున్నట్టే ఉంది. మూడో రోజు మెట్లెక్కితే కళ్లు తిరగలేదు. పాఠం చెవికెక్కింది. ఇన్నాళ్లూ టీచరు చెబుతుంటే నాకు ఇడ్లీలే కనబడేవి.

నీ మనవరాలు,
కమల

మాస్టారూ, ఈ కింది నాలుగు లైన్లు పైకి చదవకండి. నేను రాత్రి తింటే మామ్మ తినక తప్పదు. ఒట్టు తనే పెట్టుకుంది, నియమం కంటే ఒట్టు పెద్దదంటుంది. నేను నిజంగానే తింటున్నాను, ఆవిడ తలమీద అబద్ధం రాయలేను. ఆవిడ తిన్నదో లేదో మీరు రాయండి.


చీపురుపల్లి,
6-9-1968

ప్రియమైన కమలకు,

మామ్మ దీవెనలు. నీ ఉత్తరం విన్నాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లంతా హాయిగా ఉందని మీ నాన్న అన్నాడట.

రాత్రన్నమేటే? నన్నేటి సేద్దామనుకున్నావే గుంటా?

పక్కింటి కూర్మమ్మ వచ్చి, “ఈ వయసులో రాత్రన్నమేటప్పా, నలుగురూ ఏటనుకుంటారు?” అంది. “ఒట్టు నా తలమీదుంది కూర్మమ్మా, నీ తలమీద లేదు. నలుగురికీ నువ్వే సెప్పేసి రా, నాకు ఓపిక లేదు” అన్నాను.

నాలుగో రోజు దీపం పెట్టాక విస్తరి వేయించుకున్నాను. వేడన్నంలో కందిపొడి మీద నెయ్యి పడితే ఆ వాసన ఎలా ఉంటుందో మరిచిపోయానే. మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండోది దిగింది. మూడో ముద్దకి మీ అమ్మని పిలిచి, “ఉప్పు తక్కువే” అన్నాను. బాగుందన్నమాట.

మీ నాన్న గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. “ఏటి సూస్తన్నావు? ఇస్తరేసుకుని కూకో” అన్నాను.

ఇట్లు,
అప్పలనరసమ్మ వేలిముద్ర


విజయనగరం,
10-2-1969

ప్రియమైన మామ్మకు,

కమల నమస్కారాలు. ఈ వారం జాబితా వేరే కాగితం మీద రాసి పెట్టాను, ముందు నాటకం సంగతి విను.

రాక్షసుడి వేషం నేనే వేశాను. వేరేవాళ్లకిస్తానని టీచరే అన్నారు, నేనే వద్దన్నాను. మధ్యలో మైకు ఆగిపోయింది. పాపం, రాకుమారి మాట మొదటి వరసక్కూడా చేరలేదు. నేను మాత్రం కడుపులోంచి ఒక్క అరుపు అరిచాను. గేటు దగ్గర బఠాణీలు అమ్మేవాడు బుట్ట వదిలేశాడట. ఈసారి అందరూ నవ్వారు మామ్మా, చప్పట్లు కొడుతూ నవ్వారు. లోపలికి రాగానే నీలవేణి నా చెయ్యి పట్టుకుని, “అలా అరవాలంటే ఏం తినాలి?” అని అడిగింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదట. నా పులిహోర సగం పెట్టాను.

మొన్న స్టేషనుకెళ్తే ఆ తూకం మిషను కనబడింది. డబ్బులు చేతిలోకి తీసుకున్నాను. పక్కన వేరుశనక్కాయలు వేయిస్తున్నారు. అవి కొనుక్కున్నాను. ఇప్పుడు ఎన్ని కిలోలున్నానో నాకు తెలియదు.

నీ మనవరాలు,
కమల


చీపురుపల్లి,
16-2-1969

ప్రియమైన కమలకు,

మామ్మ దీవెనలు. నీ అరుపు సంగతి మాస్టారిచేత మూడుసార్లు చదివించుకున్నాను. ఆ గొంతు నాది.

ఇప్పుడు నా సంగతి విను. నన్ను మాయ చేశాననుకుంటున్నావు. మాస్టారు చదవడం మొదలుపెడితే కాగితం అయ్యేదాకా ఆగరు, బళ్లో అలవాటు. “పైకి చదవకండి” అన్న ముక్క కూడా పైకే చదివేశారు. ఆ తర్వాత నాలిక కరుచుకున్నారు. నేను విననట్టే తమలపాకులు తుడుచుకుంటూ కూర్చున్నాను.

మూడు రోజులు మాట్లాడనిది ఒట్టు గురించి కాదే. పంతొమ్మిదేళ్లు అందరూ నా నియమాన్ని మెచ్చుకున్నారు. రాత్రిళ్లు నీకు ఆకలేస్తుందా అని ఒక్కరూ అడగలేదు. వేసేది. అడిగిందానివి నువ్వొక్కతివే, అది కూడా దొంగతనంగా. అందుకని తెలిసే తిన్నాను.

ఒట్టు తీసేశాను. ఏం తిన్నావో ఇక రాయకు. ఆకలేస్తే తిను, నిండితే లే. నేనూ అంతే. ఈ రాత్రి ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఎవరి జాబితాలోనూ లేదు.

మీ నాన్నతో నువ్వుండల డబ్బా పంపుతున్నాను. నిండుగా లేదని కంగారు పడకు, దార్లో ఎవరూ తియ్యలేదు. నేనే తిన్నాను.

ఇట్లు,
అప్పలనరసమ్మ వేలిముద్ర

(వేలికి సిరా రాసేలోగానే ముద్ర వేసేశారు. అది బెల్లం. - కూర్మయ్య)