రెండో బ్రేకు

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కీ దిగీ నీ మోకాళ్ళు మరీ సతాయించడం లేదని అనుకుంటున్నాను. ఫోన్లో అడిగితే "బాగానే ఉన్నాయిలే" అంటావు, ఇంతలో ఎవరో "సిస్టర్" అని పిలుస్తారు, పెట్టేస్తావు. అందుకే నువ్వన్నట్టు ఉత్తరమే నయం. మధ్యలో ఎవరూ పిలవరు, నువ్వు నా మాటకి అడ్డం రావు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. నువ్వు పంపిన స్వెట్టరు మీ మరిదికి సరిపోయింది. పొట్ట దగ్గర కొంచెం బిగుతు, అది స్వెట్టరు తప్పు కాదు. వంటింట్లో నీళ్ళు కారే కుళాయి ఆయన బాగుచేశాడు. ఇప్పుడు స్నానాల గదిలోది కారుతోంది. నా డ్రైవింగు స్కూలు బాగానే నడుస్తోంది. కొత్తగా ఒక పెద్దావిడ చేరింది, ఆవిడ స్టీరింగు తిప్పినప్పుడల్లా ఒళ్ళంతా కూడా అటే తిప్పుతుంది. నాలుగు మలుపులయ్యేసరికి నా భుజం మీదే ఉంటుంది.

ఇక నీ కూతురు నసపిట్ట సంగతి. తింటోందా అని అడిగావు, తింటోంది. నిద్రపోతోందా అని అడిగావు. అమ్మో, అదొక్కటే శ్రద్ధగా చేస్తోంది. సెలవురోజున మధ్యాహ్నం దాకా లేవదు. లేచాక కాసేపు మంచం మీద, కాసేపు సోఫాలో, కాసేపు ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు. ఏం కావాలే అంటే "ఏమో" అంటుంది. ఒకప్పుడు ఆకాశం ఎందుకు పైన ఉంది, చేపలకి దాహం వేస్తుందా అని మన బుర్ర తినేసిన పిల్ల. ఆ పేరు పెట్టింది నువ్వే కదా. ఇప్పుడు ఆ నోట్లోంచి రోజంతా వచ్చేది ఆ ఒక్క "ఏమో"నే.

నువ్వు అసలు అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది, తప్పించుకోవడం లేదు. మీ ఆసుపత్రి కాలేజీలో నర్సింగు సీటు గురించి దానితో మాట్లాడాను. ఒకసారి కాదు, అది చెవులు మూసుకునేదాకా. మీ పెద్ద సిస్టరు నీ మాట మీద సీటు ఆపి ఉంచారని, నెలాఖరు లోపల ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారని చెప్పాను. నీకు క్వార్టరు మార్చారని, కిటికీ పక్క మంచం దానికోసమేనని, కొత్త కర్టెను కూడా కుట్టించావని చెప్పాను. తల వంచుకుని వింది. "మరి వెళ్తావా?" అన్నాను. "ఏమో పిన్నీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఏమో ఏమిటే, అవునో కాదో చెప్పి చావు అని కసిరాను. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు గట్టిగా వేసి ఉంటే బావుండేది, కనీసం కోపం వచ్చిందని తెలిసేది. చప్పుడు కాకుండా వేసుకుంది.

దానికి నాలుగు మంచి మాటలు చెప్పిద్దామని కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టరుగారిని టీకి పిలిచాను. చదువుకున్నావిడ, పెద్దమనిషి, పదిమందికి చెప్పే మనిషి. "ఈ వయసులో మీరు ఎలా నిర్ణయించుకున్నారో మా పిల్లకి చెప్పండి డాక్టరుగారూ" అన్నాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టింది.

"నిజం చెప్పాలంటే నేనేం నిర్ణయించుకోలేదండీ. నా స్నేహితురాలు చేరుతోందని చేరాను. అది రెండో నెలలోనే మానేసి పోయింది. నేను ఉండిపోయాను."

నసపిట్ట ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. "ఇప్పుడు ఇష్టమేనా ఆంటీ?" అని అడిగింది. "పొద్దున్నే ఇష్టం ఉండదమ్మా, మధ్యాహ్నానికి వస్తుంది" అందావిడ. ఇద్దరూ ఇకిలిస్తూ కూర్చున్నారు. నా టీ, నా బిస్కెట్లు దండగ. మీ మరిది మాత్రం "ఆవిడ చెప్పిందే సరైన మాట" అని మళ్ళీ ఫోన్లో చదరంగంలో పడ్డాడు. ఆ మనిషికి ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాటే సరైన మాట.

దాని డ్రైవింగు పరీక్ష ఏమైందని కూడా అడిగావు. చివర్లో రాద్దామనుకున్నాను గానీ, మిగతా అంతా దానిమీదే ఆధారపడి ఉంది. తప్పింది. నువ్వు కంగారు పడకు, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నీకు తెలుసుగా, నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేను తొక్కుతాను. పరీక్షరోజు నా సీట్లో పరీక్ష చేసే ఆయన కూర్చుంటాడు. ఆయన ఆ బ్రేకు ముట్టుకున్నాడంటే ఇక పరీక్ష తప్పినట్టే. మన పిల్ల చక్కగా నడుపుకుంటూ వెళ్ళింది. సందు చివర పెద్ద రోడ్డు వస్తుంది, అక్కడ ఆగాలి. నేను అవతలివైపు నిలబడి చూస్తున్నాను. కారు వచ్చింది, నెమ్మదించింది, కానీ ఆగలేదు. ముక్కు పెద్ద రోడ్డులోకి పెట్టేసింది. ఎదురుగా పాల వ్యాను. ఆయన గట్టిగా తొక్కాడు కాబట్టి సరిపోయింది.

నన్ను ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన ఆ మనిషి కారు దిగి, పక్కకి పిలిచి అడిగాడు. "ఏం మేడం, ఈ పిల్లకి బ్రేకు తొక్కడం ఎవరూ నేర్పలేదా?" ఊళ్ళో సగం మందికి నేర్పినదాన్ని అక్కా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని తిడదామని నోరు తెరిచాను. అదే ముందు మాట్లాడింది. "నేను ఎప్పుడూ అంతే తొక్కేదాన్ని పిన్నీ. ఎప్పుడూ ఆగేది. ఇవాళే ఎందుకు ఆగలేదో నాకు తెలియడం లేదు."

ఎందుకు ఆగలేదో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ అది కాలు అలా ఆనించేది, మిగతాది నేను తొక్కేదాన్ని. బయటివాళ్ళ పిల్లలైతే చివరి క్షణం దాకా చూస్తాను. వాళ్ళకి భయం వెయ్యాలి, వాళ్ళంతట వాళ్ళు తొక్కాలి, అలాగే కదా నేర్చుకునేది. దీని పక్కన కూర్చుంటే మాత్రం నా కాలు నా మాట వినదు. బావ పోయాక నీకున్నది అదొక్కటే, దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళావు. మలుపు కనపడగానే నా పాదం మెల్లిగా దిగేది. అంత మెల్లిగా తొక్కేదాన్ని, దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. అది తనే ఆపుతున్నాననుకుంది పాపం.

ఆ ఆదివారం దాన్ని గోదాముల వెనక ఖాళీ రోడ్డుకి తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి కాళ్ళు రెండూ సీటు మీదకి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "ఇదేంటి పిన్నీ, భోజనానికి కూర్చున్నట్టు" అంది. "నా కాళ్ళు ఇక కిందకి రావు. ఆపితే నువ్వే ఆపాలి" అన్నాను. మొదటిసారి ఎంత గట్టిగా తొక్కిందంటే నా తల వెళ్ళి అద్దానికి కొట్టుకోబోయింది. రెండోసారి అంతకంటే గట్టిగా. నేను దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నానే గానీ కాలు దించలేదు. కాసేపటికి బ్రేకు దాని పాదానికి అలవాటైంది. రోడ్డు చివర కారు సరిగ్గా గీత దగ్గర ఆగింది. "ఇది నేనే కదా?" అని అడిగింది. నువ్వే అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది మాట్లాడటం. నా మొహం వైపు చూడలేదు. రోడ్డు చూస్తూ, స్టీరింగు పట్టుకుని, దానిపాటికి అది మాట్లాడుతూ పోయింది. బళ్ళో అందరికీ ఏం కావాలో తెలిసిపోయిందట. ఒకడు విమానాలంటాడట, ఒకతె లాయరునవుతానంటుందట. దీని వంతు వస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందట. పొద్దున్న లేవాలంటే ఎందుకు లేవాలో తెలియడం లేదట. "నాలో ఏదో పాడైపోయిందా పిన్నీ?" అని అడిగింది. ఆ నిద్రంతా బద్ధకమనుకుని దాన్ని ఎన్నిసార్లు లేపి తిట్టానో.

పాడైపోలేదు, నీకింకా తెలియదు అంతే అన్నాను. ఆ డాక్టరుగారి బుద్ధే నాకూ పట్టుకుంది కాబోలు. అంతటితో ఊరుకోలేక "పోనీ నా స్కూల్లోనే చేరిపో, ఆ పెద్దావిడకి నువ్వే నేర్పుదువుగాని" అన్నాను. ఒక చూపు చూసింది. అది అచ్చం నీ చూపు.

అక్కా, ఇక్కడినుంచి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఇప్పటిదాకా రాసిందంతా దీనికోసమే. కాస్త కూర్చుని చదువు.

"నాకు ఏం కావాలో తెలియదు గానీ, ఏం వద్దో తెలుసు పిన్నీ" అంది. నర్సింగు వద్దట. రక్తం భయం కాదు, పని కష్టమనీ కాదు. నువ్వు చేసే పనంటే దానికి ఎంతో గౌరవం. ఆ పని నువ్వు మనసుపెట్టి చేస్తావని, తను అలా చెయ్యలేనని, చెయ్యలేకుండా నీ పక్కన నిలబడితే సిగ్గుగా ఉంటుందని అంది. మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే అన్నాను.

"నేను వద్దంటే అమ్మ ఏమనుకుంటుంది?"

"ఏమనుకుంటుంది. నర్సింగు వద్దంటోంది అనుకుంటుంది."

"కాదు పిన్నీ. అమ్మనే వద్దంటున్నాననుకుంటుంది. కర్టెను కూడా కుట్టించిందిగా."

ఆ మాట అని కారు పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. అంత ఏడుపులోనూ ఇండికేటరు వేసే ఆపింది, అది మాత్రం నేను నేర్పిందే. నీ దగ్గర ఉండాలని దానికి ఎంత ఉందో ఆ రోజు చూశాను అక్కా. నీ పాత చీర దిండు మీద వేసుకుని పడుకుంటుంది, నాకు కనపడకూడదని పొద్దున్నే మడతపెట్టేస్తుంది. అది ఎన్నాళ్ళనుంచో "ఏమో" అంటున్నది చదువు గురించి కాదు. ఆ సీటు వద్దంటే నువ్వు దూరమవుతావు. కావాలంటే అబద్ధమవుతుంది. పాపం, ఏది చెబుతుంది?

"నేను రాస్తాలే అమ్మకి" అన్నాను. తల ఎత్తి కళ్ళు తుడుచుకుంది. "వద్దు. నువ్వు రాయకు, నేనే చెప్తాను. ఫోన్లో కూడా చెప్పను. ఫోన్లో అయితే అమ్మ 'సరేలే తల్లీ' అని పెట్టేస్తుంది. తర్వాత ఏడ్చిందో లేదో నాకు తెలియదు. ఎదురుగా కూర్చుని చెప్తాను." టిక్కెట్టు కూడా తనే కొనుక్కుంది. ఈ ఉత్తరం నీకు చేరిన మర్నాడో ఆ మర్నాడో బస్సు దిగుతుంది. సీటు కోసం కాదు, నీకోసం వస్తోంది. నాలుగు రోజులుండి తిరిగి వస్తుంది. మళ్ళీ పరీక్షకి వెళ్ళాలి, బడి చదువు ముగించాలి. ఆ తర్వాత ఏం చేస్తుందంటే, మా నసపిట్ట భాషలోనే చెబుతున్నాను, ఏమో.

రాయనని దానికి మాటిచ్చాను. ఇచ్చీ రాస్తున్నాను. నా కాలు మళ్ళీ దిగింది, నాకు తెలుసు. కానీ ఈసారి తొక్కింది దానికోసం కాదు, నీకోసం. తలుపు తీసేసరికి నీ మొహం ఎలా ఉంటుందోనని అది దారంతా భయపడుతూ వస్తుంది. నీకు ఏడుపు వస్తే ఇవాళే ఏడ్చెయ్. నామీద కోపం వస్తే కాగితం చింపెయ్. కిటికీ పక్క మంచం మాత్రం తియ్యకు, కర్టెను అలాగే ఉంచు. పెద్ద సిస్టరుతో నువ్వు ముందే మాట్లాడకు. ఆ మాట అది చెప్పాకే మాట్లాడు.

ఎప్పుడు చెబుతుందో నాకు తెలియదు. దిగగానే చెప్పొచ్చు, చివరి రోజు దాకా నీళ్ళు నమలొచ్చు. నువ్వు అడగకు, మాట అందించకు. ఎంత కష్టంగా ఉన్నా కాళ్ళు పైన పెట్టుకుని కూర్చో. అది చెప్పినప్పుడు మాత్రం, మొదటిసారి వింటున్నట్టు విను అక్కా.

ఇట్లు,
మాట తప్పిన
నీ చెల్లెలు