సౌనాలో ఉడికిన ఫోను

వెన్లా, నీ ఫోను గుమ్మం బయట ఇసుక బకెట్లో ఉంది. బ్యాటరీ ఉబ్బింది. ఇంట్లోకి తేకు, చార్జింగ్ అసలే పెట్టకు.

నీ పగిలిన స్క్రీను మార్చాలని కొత్తది తెప్పించా తల్లీ. పాతది ఊడాలంటే జిగురుకి వేడి తగలాలన్నారు వీడియోలో. ఆవిరిస్నానానికి సౌనా గది ఎలాగూ కాగుతోంది కదాని పైబల్ల మీద పెట్టా. ఛీ! మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో చెప్తే ఆ రైమోగాడు "రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి కూడా పట్టావా గురూ?" అంటాడు. పోశాను మరి! నా మీద నాకే రోత పుడుతోంది.

నీ సిమ్ము నా ఫోన్లో వేశా, కాఫీ డబ్బా పక్కనుంది. ఓడలో ఉద్యోగం వాళ్ళు ఇవాళే ఫోన్ చేస్తారుగా, దాన్లో ఎత్తు. నేను పనికెళ్తున్నా.

యర్మో మామయ్య

మర్చిపోయా, నా ఫోను స్క్రీనూ పగిలిందే. నేను బాగుచెయ్యలేదు కాబట్టి పనిచేస్తోంది.